పాడెకు పన్నెండు శాతం

మా పురపాలక సంఘంలో వెదురుకు పన్నెండు శాతానికి మించి తేమ ఉండరాదన్న నిబంధన ఎలా వచ్చిందో చెప్పాలంటే, ముందు పందిరి సంగతి చెప్పాలి.

నీళ్ల ట్యాంకు ప్రారంభోత్సవానికి వేసిన పందిరి అది. ఛైర్‌పర్సన్ గారు ప్రసంగిస్తుండగా వాన పట్టుకుంది. పందిరి కూలిపోయిందని తర్వాత చాలామంది అన్నారు. అది న్యాయం కాదు. ప్రార్థన పాడించడానికి మా బడి పిల్లలను తీసుకువెళ్లి నేను అక్కడే ఉన్నాను. పైన టార్పాలిన్‌లో నీళ్లు నిలిచి బరువెక్కే కొద్దీ పచ్చి వెదురు గడలు విల్లులాగా వంగుతూ వచ్చి, వేదిక మీది వాళ్ల తలల దాకా దిగి, అక్కడ ఆగాయి. అందరూ వంగి నడుచుకుంటూ బయటికి వచ్చారు. ఎవరి ఒంటి మీదా గీత పడలేదు. ప్రసంగం మాత్రం మధ్యలో ఆగిపోయింది. ఆ నష్టానికి బాధ్యత ఎవరిదో తేల్చడానికి విచారణ సంఘం వేశారు.

ఆ విచారణ సంఘానికి అధ్యక్షులు సహాయక ఇంజనీరు భీమశంకరం గారు. ఆయన అంతకు కొద్ది రోజుల ముందే వెదురు మీద ఏదో శిక్షణకు వెళ్లి వచ్చారు. వస్తూ ఒక చిన్న యంత్రం తెచ్చుకున్నారు. అరచేతిలో పడుతుంది. ముందు రెండు సూదులు ఉంటాయి. గుచ్చితే లోపల తేమ ఎంత శాతమో అంకె చూపిస్తుంది. శిక్షణలో ఆయనకు చెప్పినదంతా నిజమే. వెదురు ఎండే కొద్దీ గట్టిపడుతుంది. పచ్చిగా ఉంటే బరువుకు వంగుతుంది. పన్నెండు శాతం దాకా ఎండిన గడ, పచ్చి గడకంటే ఎక్కువ బరువు మోస్తుంది. అయితే ఎండిన గడ తేలికగా వంగదు గనక, మోయలేనంత బరువు పడినప్పుడు అది ఏం చేస్తుందన్నది శిక్షణలో చివరి రోజు పాఠం. ఆ రోజు ఆయన రైలు అందుకోవలసి ఉండి ముందే బయలుదేరారు.

విచారణ నివేదిక ఒక వాక్యంలో తేలిపోయింది. పందిరి వంగుటకు కారణము తేమ. దరిమిలా తేమ నియంత్రణ విభాగం ఏర్పడింది. భారము మోయు ప్రతి వెదురునందును, దానిని బంధించు ప్రతి నారయందును తేమ పన్నెండు శాతమునకు మించరాదని ఆజ్ఞ వెలువడింది.

మాది గోదావరి ఒడ్డు. శ్రావణమాసంలో మా ఊళ్లో వేయించిన అప్పడం విస్తట్లోకి వచ్చేలోపు మెత్తబడుతుంది. ఎంత ఎండబెట్టిన వెదురైనా ఆ గాలిలో తేమ పీల్చుకుని పద్దెనిమిదికీ ఇరవైకీ మధ్య ఎక్కడో కుదురుకుంటుంది. దీన్ని విభాగం, వాతావరణం వైపు నుంచి సహకార లోపంగా నమోదు చేసింది.

ఊరంతటిలో గాలి పొడిగా ఉండే చోటు ఒక్కటే. కమిషనర్ గారి ఏసీ గది. పురపాలక సంఘం నిచ్చెనలు, జెండా కర్రలు, చీపుళ్ల పొడుగాటి కర్రలు అన్నీ ఆ గదిలోకి చేర్చారు. కమిషనర్ గారు మొదట నిచ్చెనల మధ్య కూర్చుని పని చూశారు. చీపుళ్లు కూడా వచ్చాక వరండాలోకి మారారు. అర్జీలు పట్టుకుని వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ గదికే నమస్కారం పెట్టి వెళ్లేవారు.

పన్నెండుకు దిగిన మొదటి నిచ్చెనను పూలదండ వేసి బయటికి తెచ్చి, వీధి దీపం స్తంభానికి ఆనించారు. లైన్‌మన్ సగం ఎక్కాడో లేదో మెట్టు టప్పున విరిగింది. చీపుళ్లు ఏసీలో ఉన్నందువల్ల ఎత్తకుండా మిగిలిపోయిన ఆకుల కుప్ప అతన్ని కాపాడింది. ప్రమాదానికి కారణం తేమ లోపించడం కాదనీ, ఎక్కు వాని పాదముల ద్వారా అకస్మాత్తుగా తేమ సంక్రమించుట అనీ విభాగం తేల్చింది. అప్పటి నుంచి నిచ్చెన ఎక్కేవాళ్లు ముందు కాళ్లు తుడుచుకోవాలి.

మా బడికి కూడా వచ్చారు. విభాగంలో గంగరాజు అని ఒక సహాయకుడు ఉన్నాడు. మర్యాదస్తుడు. యంత్రాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. పటం ముందు నిలబడి పాఠం చెబుతున్న నా చేతిలోని వెదురు కర్రను చూశాడు.

"మాస్టారూ, ఈ కర్ర బరువేవన్నా మోస్తదాండి?"

"మోయదు. నదులు చూపిస్తుంది."

"నదులంటే తేమే గదండి," అని సూదులు గుచ్చి, ఇరవై రెండు అని రాసుకుని, కర్రను సీలు వేసి తీసుకుపోయాడు. ఆ ఏడాది మా తరగతిలో గోదావరి ఎటు నుంచి ఎటు పారుతుందో పిల్లలు నా మాట మీద నమ్మారు.

భారం అంటే ఏమిటన్న సందేహం ఎవరో కౌన్సిల్‌లో లేవదీశారు. దాని మీద సవరణ వచ్చింది. మనిషిని మోసేవన్నీ భారం మోసేవే. ఉయ్యాల, మంచం, నిచ్చెన, డోలీ, పాడె. పాడెకు తేమ ధ్రువపత్రం చూపనిదే శ్మశానవాటిక గేటు తెరవరాదని కావలివాడికి ఉత్తర్వు వెళ్లింది.

ఆ సవరణ వచ్చిన వారంలో మా బావ పోయాడు.

సోమలింగం బావ మా అక్కయ్య భర్త. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయాడు. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది వాళ్లిద్దరే. నిద్రలోనే పోయాడు. అంతకంటే రాయవలసింది లేదు.

అక్కయ్య ఏడవలేదు. గుమ్మంలో వానను చూస్తూ, "పొద్దుండగానే పంపించెయ్యండ్రా. చీకట్లో ఆయన్ని వానలో తిప్పకండి," అంది. తర్వాత మాట్లాడలేదు.

అది ఒక్కటే ఆమె కోరింది. నేను సరేనన్నాను. వైకుంఠ రథం పెద్ద రోడ్డు మీదే ఆగిపోతుంది, మా సందులో పట్టదు. మోసుకునే పోవాలి.

మా పేటలో వెదురు అమ్మేది పోలయ్య. రెండు పొడుగు గడలు, అడ్డానికి బద్దలు తెచ్చి వాకిట్లో పడేశాడు. అప్పుడే నరికినవి. కోసిన చోట ఇంకా నీరు ఊరుతోంది. మా వైపు పాడెకు పచ్చి వెదురే వాడతారు. ఎందుకని ఎవరూ అడగరు. అడిగే ఓపిక ఉన్నవాళ్లకు ఆ పూట దాంతో పని ఉండదు.

అతను మొదటి ముడి వెయ్యకముందే గంగరాజు గొడుగు పట్టుకుని వచ్చాడు.

"మా విభాగం తరఫున సంతాపం అండి మాస్టారూ," అన్నాడు. కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత గడకు సూదులు గుచ్చాడు. అంకె పైకి పోయి పోయి, చివరికి అంకె మాయమై గీతలు కనిపించాయి.

"లెక్కకి అందట్లేదండి ఇది. ఇంకా చెట్టు కిందే లెక్క."

"పన్నెండు రావాలంటే ఏం చెయ్యాలి?"

"నీడపట్టున ఎండబెట్టాలండి. రెండు మూడు నెల్లు."

అరుగు మీద కూర్చున్న వీరన్న తాత తల ఎత్తాడు. మా సందులో చావుకైనా పెళ్లికైనా ఏది ఎలా జరగాలో చెప్పేది ఆయనే. "అప్పటిదాకా సోమలింగాన్నేం చెయ్యమంటావురా? ఆణ్ణీ నీడపట్టునే పెట్టమంటావా?"

"ఆయన మా విభాగం కిందికి రారండి తాతగారూ."

"కమిషనర్ గారి గదిలో ఎండినవి ఉన్నాయి కదా," అన్నాను.

"ఉన్నాయండి. బయటికి తెచ్చేసరికి మళ్లీ తేమ పట్టేత్తాయండి." గంగరాజు నిజంగానే ఆలోచించాడు. "పాడె ఆ గదిలోనే కట్టి, గదిలోనే ఉంచితే నిబంధనకి సరిపోద్దండి. బయటికి తీసుకురాకూడదు, అంతే."

పోలయ్య నా చెవి దగ్గరికి వచ్చాడు. గుసగుసలాడటం అతనికి చేతకాదు. "నిచ్చెనకి అంటించిన పన్నెండు చీటీ ఒకటి ఊడిపోతే దాచానండి. జిగురెట్టి దీనికి అంటించేద్దారి."

"విన్నాను పోలయ్యా. విన్లేదనుకో," అన్నాడు గంగరాజు. "కానీ గేటు కాడ మళ్లీ గుచ్చుతారు."

మంచివాడు గనక ఉపాయం కూడా అతనే చెప్పాడు. పక్క వీధిలో ఆడవాళ్ల జుట్టు ఆరబెట్టే దుకాణం ఉంది. అక్కడి నుంచి వేడిగాలి యంత్రం తెప్పించాడు. సూదులు గుచ్చిన చోటే తేమ కొలుస్తారు గనక ఆ చోటు ఎండితే చాలునట. అక్కయ్య ఇంటి వరండాలో తీగ లాగి, వెదురు గడకు తల దువ్వుతున్నట్టు ఇటూ అటూ తిప్పుతూ గాలి పట్టించాం. గడ రంగు మారింది. మాడిన వాసన వచ్చింది. ఇరవైకి వచ్చింది, పదహారుకు వచ్చింది. పద్నాలుగు దగ్గర చూరు నుంచి ఒక చుక్క పడింది. మళ్లీ ముప్పై.

కొబ్బరి తాడును కూడా ఆరబెట్టమన్నాడు. పోలయ్య దాన్ని పొద్దుటి నుంచి నీళ్లలో నానేసి ఉంచాడు, మెత్తబడి ముడి గట్టిగా పడుతుందని. ఆరబెట్టిన తాడు కర్రలాగా బిగుసుకుంది. ముడి వేస్తే తనంతట తానే విడిపోయింది.

"ఇలాగైతే దార్లో జారిపోతారండి," అన్నాడు పోలయ్య.

"జారితే అది తాడు తప్పవుద్ది, తేమ తప్పు కాదు," అన్నాడు గంగరాజు.

మధ్యాహ్నం దాటింది. నేను ఆకాశం వంక చూడటం మానేశాను. గంగరాజుకు కూడా మనసు ఒప్పక ఇంజనీరు గారికి ఫోను చేశాడు. ఆయన జీపు సందు మొదట్లో ఆపుకుని, ప్యాంటు కాళ్లు పైకి మడిచి వచ్చారు.

"ఈ దుఃఖ సమయమున తమకు కలిగిన అసౌకర్యమునకు విభాగము చింతించుచున్నది," అన్నారు. "అయితే ప్రాణభద్రత విషయమున విభాగము రాజీపడజాలదు."

"ఎవరి ప్రాణం బాబూ?" అన్నాడు వీరన్న తాత.

"మోయు వారి ప్రాణము."

"ఆళ్లకేం? పచ్చి గడ ఇరగదు. వంగుద్దంతే."

"వంపు అనునది వైఫల్యమునకు తొలి మెట్టు. పందిరి విషయమున చూచితిమి."

నేను మధ్యలోకి వెళ్లాను. "తేమ కొలవడం కుదరనప్పుడు ఏం చెయ్యాలో నిబంధనల్లో ఉందా అండి?"

భీమశంకరం గారి ముఖం వికసించింది. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదనుకుంటాను. "ఉన్నది. ప్రత్యక్ష భార పరీక్ష. మోయవలసిన భారమునకు ఒకటిన్నర రెట్లు భారమునుంచి, నిర్ణీత దూరము మోసి, విరగనిచో ఆమోదించవచ్చును. ఆ క్లాజు నేనే రాశాను."

బావ బరువు ఆసుపత్రి చీటీలో ఉంది. దానికి ఒకటిన్నర రెట్లంటే తొంభై కిలోలు దాటుతుంది. వీధి చివర ఎవరో ఇల్లు కడుతున్నారు, అక్కడి ఇసుక బస్తాలు మోయించాను. భీమశంకరం గారు సూదులు గుచ్చి తల అడ్డంగా ఊపారు. తడి ఇసుక. దాని బరువులో ఇసుక ఎంతో నీరు ఎంతో తేలదు. రేషన్ డిపో నుంచి బియ్యం బస్తా తెచ్చాం. బియ్యంలోనూ తేమ పద్నాలుగు.

"తేమకు లొంగని భారము కావలెను," అన్నారు ఆయన. "మనిషి ఉత్తమము."

"మడిసిలో మాత్రం నీళ్లుండవాండి?" అన్నాడు పోలయ్య.

"మనిషిలోని నీరు స్థిరము. చర్మమున్నది."

డిపో కాటా తెచ్చి వాకిట్లో పెట్టారు. నేను ఎక్కాను. చాలలేదు. పోలయ్య ఎక్కాడు. చాలలేదు. ఇద్దరం కలిసి పడుకుంటామన్నాం. పాడె ఏకవ్యక్తి వాహనమని ఇంజనీరు గారు ఒప్పుకోలేదు. మా మేనల్లుళ్లిద్దరూ ఎక్కి దిగారు. మాలో సరిపోయినవాడు ఒక్కడూ లేడు. అప్పుడు అందరూ ఒకే వైపు చూశారు.

"అయ్యగారు ఓసారి కాటా ఎక్కితే..." అన్నాడు పోలయ్య.

భీమశంకరం గారు గంగరాజు వంక చూశారు. "ప్రత్యామ్నాయము?"

"క్లాజులో లేదండి. దుర్వినియోగం అవుద్దని తమరే కొట్టేశారండి."

ఆయన ఎక్కారు. ముల్లు వెళ్లి కచ్చితంగా కావలసిన చోట నిలబడింది. క్లాజును ఆయన కొలతలకే కుట్టించినట్టుంది.

అప్పుడు ఆయన వద్దంటే మేం ఏమీ చేయలేకపోయేవాళ్లం. ఆయన చాలాసేపు గడలను చూశారు. ఇంటి లోపలికి చూశారు. వంగి బూట్లు విప్పుకున్నారు. ఆ సంగతి ఆయన గురించి రాసేటప్పుడు వదిలిపెట్టకూడదు.

పోలయ్య తాడును మళ్లీ నీళ్లలో ముంచి గబగబా పాడె కట్టాడు. గడ్డి పరిచాడు. భీమశంకరం గారు వెల్లకిలా పడుకుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పొట్ట మీద పెట్టుకున్నారు. జారకుండా రెండు చుట్లు వేశారు. నేనూ, పోలయ్యా, మేనల్లుళ్లూ నాలుగు వైపులా భుజం పట్టాం. గడలు వంగాయి, మా నడకకు ఊగాయి, విరగలేదు. గంగరాజు పక్కనే నడుస్తూ పైన గొడుగు పట్టాడు.

సందు మధ్యలో ఒక ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించింది. "ఎవరు బాబూ ఆ పాడె మీద?"

"ఇంజనీరు గారండి," అన్నాడు గంగరాజు, అబద్ధం ఆడటం అలవాటు లేక.

"అయ్యో నాయనా. మొన్ననేగా మా మనవడి ఉయ్యాల కొలిచెళ్లాడు," అని లోపలికి వెళ్లి గుప్పెడు బంతిపూలు తెచ్చి చల్లింది. ఒక పువ్వు ఆయన కళ్లద్దాల మీద పడింది. ఆయన తీసుకోలేదు. ఈలోగా ఆయన జేబులో ఫోను మోగింది.

"ఎక్కడున్నారు?" అని ఆడ గొంతు అడగటం మా నలుగురికీ వినిపించింది.

"డ్యూటీలో," అన్నారు ఆయన, ఆకాశం వైపు చూస్తూ.

డిపో మలుపు చేరాక పై నుంచి గొంతు వినిపించింది. "దూరము పూర్తయినది. ఇక వెనుకకు."

"ఎనక్కి కుదరదు," అన్నాడు వీరన్న తాత. కర్ర పొడుచుకుంటూ ఆయన కూడా వచ్చాడు. "మడిసితో ఉన్న పాడె ముందుకే పోద్ది. ఎనక్కి తిప్పితే ఆ ఇంటికి మంచిది కాదు."

"పోను, రాను అని క్లాజులో స్పష్టముగా ఉన్నది."

"నీ క్లాజు నీది బాబూ. మా క్లాజు మాకుంది."

"అయితే నన్ను దింపండి. నడిచి వస్తాను."

"అలా మజ్జలో దిగిపోడానికి ఇది బస్సు కాదు."

వాన కొంచెం పెరిగింది. మేము నలుగురం ఆ బరువుతో మలుపులో నిలబడ్డాం. వీరన్న తాత గడ్డం నిమురుకున్నాడు. పాడె ఎక్కిన మనిషి తిరిగి ఇంటికి నడిచి రావడానికి మా ఆచారంలో ఒకే ఒక్క దారి ఉంది. శ్మశానానికి సగం దూరం పోయాక దింపుడు కళ్లం దగ్గర పాడెను నేల మీద దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే లేస్తారని. లేస్తే ఇంటికి తీసుకువెళ్లవచ్చు. అడ్డు చెప్పేవాళ్లు లేరు.

"ఇదే కళ్లం అనుకుని దించండ్రా," అన్నాడు తాత.

దించాం. ఆయన కష్టపడి మోకాళ్ల మీద కూర్చుని, ఇంజనీరు గారి చెవి దగ్గర నోరు పెట్టాడు.

"భీమశంకరం."

భీమశంకరం గారు లేవబోయారు. గంగరాజు ఆపాడు. "ఇంకా రెండున్నాయండి."

"భీమశంకరం. భీమశంకరం."

ఆయన లేచి కూర్చున్నారు. అలా పిలిస్తే లేచిన మనిషిని మా సందులో అంతవరకు ఎవరూ చూడలేదు. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం కాసేపు ఎటు చూడాలో తెలియలేదు.

పడుకున్నవాడు లేచి నడిచిపోయాడు గనక ఇది ఇంకా పాడె కాదనీ, ఉత్త వెదురేననీ, ఖాళీగా వెనక్కి తీసుకుపోవచ్చనీ తాత తీర్పు చెప్పాడు. అందరం తిరిగి వచ్చాం.

వాకిట్లో భీమశంకరం గారు బూట్లు తొడుక్కోకుండానే నిలబడి, గంగరాజుకు ధ్రువపత్రం చెప్పసాగారు. ఆయన జుట్టులో గడ్డిపోచ ఉంది. "ప్రత్యక్ష భార పరీక్ష నిర్వహించడమైనది. వంపు సంభవించినది. భంగము సంభవించలేదు. కావున సదరు నిర్మాణము..."

అక్కయ్య గుమ్మంలోకి వచ్చింది. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడని మనిషి ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబూ, మీరు దాని మీద పడుకున్నారంట గదా."

"అవునమ్మా."

"నడుం కింద ఏవన్నా గుచ్చుకుందా?"

గంగరాజు రాయడం ఆపాడు.

"ఆయనకి నడుం నొప్పి బాబూ. బస్సులో నిలబడీ నిలబడీ వచ్చింది. పరుపు మీద కూడా సరిగా పడుకోలేడు. పోలయ్యనడిగితే బాగానే ఉంటదంటాడు. పడుకున్నోళ్లని అడగడానికి ఎప్పుడూ ఉండదు గదా."

భీమశంకరం గారు పాడె వైపు తిరిగి చూశారు. జ్ఞాపకం చేసుకుంటున్నట్టు చెయ్యి తన నడుము వెనక పెట్టుకున్నారు.

"లేదమ్మా," అన్నారు. "మెత్తగానే ఉంది. పచ్చిది కదా, మనిషికి తగ్గట్టు వంగుతుంది. నడుస్తుంటే ఊగుతుంది గానీ కుదుపు తెలియదు." చెయ్యి నడుము మీద ఇంకొంచెం జరిపారు. "ఎడమ పక్కన ఒక గణుపు మాత్రం తగిలింది."

"ఎక్కడ?"

ఆయన తడి నేల మీద మోకాలు ఆనించి, గడ్డి పక్కకు జరిపి చూపించారు. అక్కయ్య లోపలికి వెళ్లి బావ పాత పంచె తెచ్చింది. నాలుగు మడతలు పెట్టి ఆ బద్ద మీద పరిచింది.

"ఇక్కడేనా?"

"ఇంకొంచెం కిందికమ్మా."

అక్కయ్య ఇంకొంచెం కిందికి జరిపింది. పొద్దు ఉండగానే మేము లోపలికి వెళ్లి బావను తెచ్చాం.